ఫోన్‌లో గాలి వేరు.. ముక్కుకు తగిలే గాలి వేరు

డిసెంబరు ఉదయం. ఇంకా ఆరు కాలేదు. నడకకు బయల్దేరబోతూ అలవాటుగా ఫోన్‌ చూస్తారు. మీ ఊరి పేరు కింద గాలి నాణ్యత సూచీ పచ్చరంగులో కనిపిస్తుంది. పర్వాలేదనుకుని చెప్పులేసుకుంటారు. వీధి మలుపులో ఎవరో చెత్తకు నిప్పు పెట్టారు. పొగ పైకి పోవటం లేదు. డాబాల ఎత్తున దుప్పటిలా పరచుకుని కదలకుండా ఉంది. పది నిమిషాలు నడిచేసరికి గొంతు గరగరలాడుతుంది. ఇంట్లో ఆస్తమా ఉన్న పిల్లాడు తెల్లవారుజామున లేచి కూర్చుని దగ్గిన సంగతి గుర్తొస్తుంది. మరి ఫోన్‌లో ఆ పచ్చరంగు దేన్ని చూసి ఇచ్చినట్టు?

యాప్‌లను తిట్టిపోయటానికి అడుగుతున్న ప్రశ్న కాదిది. మనం పీల్చే గాలి మీద ఇప్పుడు దేశంలో నడుస్తున్న పెద్ద వాదం కూడా దీని చుట్టూనే తిరుగుతోంది. వాయు కాలుష్యం ఏటా లక్షల మందిని బలి తీసుకుంటోందని అంతర్జాతీయ నివేదికలు చెబుతున్నాయి. కేవలం కాలుష్యం వల్లే చనిపోయారని నేరుగా తేల్చే సమాచారం లేదని కేంద్రం పార్లమెంటులో పలుమార్లు బదులిచ్చింది. ఎవరి మాట ఎంతవరకు నమ్మొచ్చో తెలుసుకోవాలంటే, ముందు ఆ లెక్కల్లో ఎంత భాగం ఆకాశం నుంచి చూసి వేసిందో తెలియాలి. అలా చూసినదాన్ని నేల మీద ఎవరు, ఎలా సరిచూశారో కూడా తెలియాలి.

మీ ఊళ్లో యంత్రం ఉందా?

గాలిలోని సూక్ష్మ ధూళిని, అంటే పీఎం 2.5ను, రోజంతా ఆగకుండా కొలిచే కేంద్రాలు హైదరాబాద్, విశాఖ, విజయవాడ, తిరుపతి వంటి నగరాల్లో ఉన్నాయి. పారిశ్రామిక వాడల దగ్గర కొన్ని ఉన్నాయి. మండల కేంద్రాల్లో, పల్లెల్లో దాదాపు లేవు. అయినా ఫోన్‌లో మీ ఊరి పేరు కొడితే ఏదో ఒక అంకె వస్తుంది. కొన్ని యాప్‌లు దగ్గర్లోని కేంద్రం అంకెనే చూపిస్తాయి. ఆ ‘దగ్గర’ ఒక్కోసారి వంద కిలోమీటర్లు కూడా కావొచ్చు. మరికొన్ని యాప్‌లు ఉపగ్రహాల సమాచారాన్ని కలుపుకుని కంప్యూటర్లు వేసే అంచనాల మీద ఆధారపడతాయి. ఐరోపావాళ్ల కోపర్నికస్‌ సేవ ప్రపంచమంతటికీ ఇచ్చే అంచనానే తీసుకోండి. అది భూమిని సుమారు 40 కిలోమీటర్ల గడులుగా విడగొట్టి, ఒక్కో గడికి ఒక్క అంకె ఇస్తుంది. విజయవాడ, గుంటూరు రెండూ ఒకే గడిలో ఇమిడిపోవచ్చు. మీ వీధి చివర చెత్త మంట అందులో ఎక్కడ కనపడుతుంది?

రంగుల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మన దేశ సూచీలో పీఎం 2.5 ఘనపు మీటరుకు 30 మైక్రోగ్రాముల దాకా పచ్చరంగే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన 24 గంటల హద్దు 15 మాత్రమే. మన జాతీయ ప్రమాణం 60. అమెరికా సూచీ వేరు. ఏ యాప్‌ ఏ సూచీ వాడుతోందో చూడకుండా రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టుకుని వాదించుకోవటం దండగ.

చెంచాడు పసుపు.. గ్లాసులోనా, బిందెలోనా?

ఉపగ్రహాల్లో ఎక్కువ భాగం పైనుంచి కిందికి చూసి, గాలిలోని కణాలు సూర్యకాంతిని ఎంత చెదరగొడుతున్నాయో కొలుస్తాయి. అంటే నేల నుంచి ఆకాశం దాకా ఉన్న మసక మొత్తాన్ని కలిపి ఒకే అంకెగా చెబుతాయి. మనం పీల్చేది ఆ మొత్తాన్ని కాదు. అడుగున ఉన్న రెండు మీటర్ల గాలిని.

గ్లాసు నీళ్లలో చెంచాడు పసుపు కలపండి. బిందె నీళ్లలో మరో చెంచాడు కలపండి. వేసిన పసుపు ఒకటే. కానీ గ్లాసులో నీళ్లు చిక్కటి పసుపు, బిందెలో లేత పసుపు. గాలిదీ అదే కథ. చలికాలం తెల్లవారుజామున నేల చల్లబడి, దాని మీది గాలీ చల్లబడి బరువెక్కుతుంది. పైనున్న వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. పొగా, ధూళీ కింది రెండు మూడు వందల మీటర్లలోనే చిక్కుకుపోతాయి. ఎండెక్కాక నేల వేడెక్కి గాలి సుడులు తిరుగుతూ పైకి లేస్తుంది. అదే ధూళి కిలోమీటరున్నర ఎత్తు వరకు విస్తరిస్తుంది. 300 మీటర్లలో ఉన్న ధూళి 1,500 మీటర్లకు పరచుకుంటే ముక్కు దగ్గర గాఢత అయిదో వంతుకు పడిపోతుంది. పైనుంచి మొత్తం మాత్రమే చూసే ఉపగ్రహానికి ఈ రెండు రోజులూ ఒక్కలాగే ఉంటాయి. మీ ఊపిరితిత్తులకు కాదు.

హైదరాబాద్‌లో ఈ వైరుధ్యం ఏటా కనిపిస్తుంది. ఆకాశం మొత్తంలో మసక మార్చి నుంచి మే దాకా ఎక్కువ. ఎండాకాలపు ధూళి, ఎక్కడెక్కడి నుంచో వచ్చే మంటల పొగ పైపొరల్లో తేలుతుంటాయి. నేల దగ్గర మసి మాత్రం చలికాలంలోనే ఎక్కువ. పైనుంచి చూస్తే ఎండాకాలం గడ్డు కాలం. ఆస్తమా రోగిని అడిగితే చలికాలం. ఇద్దరూ అబద్ధం చెప్పటం లేదు.

తీరప్రాంతంలో మరో చిక్కుంది. ఉక్కపోతలో ధూళి కణాలు తేమను పీల్చుకుని ఉబ్బుతాయి. ఉబ్బిన కణం ఎక్కువ కాంతిని చెదరగొడుతుంది. దాంతో పైనుంచి చూసేదానికి కాలుష్యం ఎక్కువైనట్టు కనిపిస్తుంది. నేల మీది యంత్రాలు తేమను చాలావరకు ఆరబెట్టి పొడి కణాల బరువునే లెక్కిస్తాయి. విశాఖ, మచిలీపట్నం లాంటి చోట్ల ఉపగ్రహపు మసకకూ ముక్కు దగ్గరి ధూళికీ పొత్తు కుదరకపోవటానికి ఇదొక కారణం.

ఎత్తును కొలిచే వెలుగు

మొత్తం ఎంతన్నది తెలిస్తే చాలదు, ఏ ఎత్తులో ఎంతన్నది తెలియాలి. అందుకు వచ్చినదే లైడార్‌. రాడార్‌ రేడియో తరంగాలను పంపితే, లైడార్‌ లేజర్‌ వెలుగును పంపుతుంది. వెలుగు ఓ కణానికి తగిలి తిరిగొచ్చేందుకు పట్టిన సమయాన్ని బట్టి ఆ కణం ఎంత ఎత్తులో ఉందో తెలుస్తుంది. తిరిగొచ్చిన వెలుగు తీరును బట్టి అది గుండ్రటి నీటి బిందువా, గరుకైన ధూళి రేణువా, మంచు పలుకా అన్నది కూడా చాలావరకు పోల్చుకోవచ్చు.

2006 ఏప్రిల్‌ 28న అమెరికా, ఫ్రాన్స్‌ కలిసి కాలిప్సో అనే ఉపగ్రహాన్ని పంపాయి. 705 కిలోమీటర్ల ఎత్తు నుంచి అది సెకనుకు 20 సార్లు లేజర్‌ మెరుపును కిందికి పంపేది. వెళ్లిరావటానికి వెలుగుకు పట్టేది సెకనులో వెయ్యో వంతుల లెక్కన అయిదుకు కాస్త తక్కువ. కింది పొరలను 30 మీటర్ల మందంతో విడదీసి చూపగలిగేది. 2023 ఆగస్టు 1న అది పని చాలించింది. ఇవాళ మనం చదివే కాలుష్య నివేదికల వెనుక దాని పాత్ర ఉంది. నేల కేంద్రాలు లేని చోట పీఎం 2.5ను ఉపగ్రహాల మసక నుంచి లెక్కగట్టే పద్ధతిని 2010లో ప్రపంచమంతటికీ వర్తింపజేసినప్పుడు, మసకలో ఎంత వాటా నేల దగ్గరుందన్న ఊహ సరైందో కాదో కాలిప్సో కొలతలతోనే పోల్చి చూశారు.

కానీ లైడార్‌కూ ఓ ఇబ్బంది ఉంది. అది చూసేది పరదాలా కనిపించే సన్నటి నిలువు చీలికను. నేల మీద దాని వెలుగు మచ్చ వంద మీటర్లు కూడా ఉండదు. భూమధ్యరేఖ దగ్గర ఒక దారికీ పక్క దారికీ మధ్య 170 కిలోమీటర్లకు పైగా ఎడం. మళ్లీ అదే దారిలోకి వచ్చేసరికి 16 రోజులు. మీ ఊరి మీదుగా ఒక్కసారి కూడా వెళ్లకపోయి ఉండొచ్చు. మరి దాని మాటను ఎవరు సరిచూడాలి?

గాదంకి రాత్రులు

తిరుపతికి దగ్గర్లో గాదంకి అనే ఊరుంది. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో 1998 నుంచి ఒక లైడార్‌ పనిచేస్తోంది. జపాన్‌ సంస్థతో కలిసి నెలకొల్పారు. మబ్బు పట్టని రాత్రుల్లో అక్కణ్నుంచి పచ్చటి వెలుగు గీత నిటారుగా ఆకాశంలోకి వెళ్తుంది. కాలిప్సో పైనుంచి కిందికి చూస్తే, గాదంకి లైడార్‌ కిందినుంచి పైకి చూస్తుంది. వెలుగు రంగు కూడా ఒకటే.

1998 నుంచి 2013 దాకా పదహారేళ్ల గాదంకి కొలతలను, 2006 నుంచి 2013 వరకు అదే ప్రాంతం మీది కాలిప్సో కొలతలను పక్కపక్కన పెట్టి అక్కడి శాస్త్రవేత్తలు 2015లో ఓ అధ్యయనం ప్రచురించారు. వాళ్లు చూసింది ఆకాశంలో బాగా ఎత్తున ఉండే సిర్రస్‌ మబ్బులను. దూది పీచులా పల్చటి మంచు మబ్బులవి. ఇద్దరి సరాసరి లెక్కలూ చాలా బాగా సరిపోయాయి. ఒకరు పైనుంచి, ఒకరు కిందినుంచి చూస్తున్నా, ఒకరు అప్పుడప్పుడే అటుగా వెళ్తున్నా సరే. అయితే ఒక్క తేడా మిగిలింది. కంటికి కూడా ఆనని అతి పల్చటి మబ్బు పొరలను గాదంకి లైడార్‌ ఎక్కువగా పట్టింది. కాలిప్సో వాటిలో కొన్నింటిని వదిలేసింది.

మబ్బుకూ మన ఆరోగ్యానికీ సంబంధం ఏమిటంటారా? రెండు రకాలుగా ఉంది. లైడార్‌ లేని మామూలు ఉపగ్రహాలు ఈ పల్చటి మబ్బును ఒక్కోసారి కాలుష్యపు మసకగా పొరబడతాయి. అప్పుడు మీ ఊరి గాలి ఉన్నదానికంటే చెడ్డగా కనిపిస్తుంది. ఇక రెండోది. పల్చటి మబ్బును వదిలేసే లైడార్‌ పల్చటి పొగనూ వదిలేస్తుంది. అంతరిక్షం నుంచి చూసేటప్పుడు తిరిగొచ్చే వెలుగు చాలా తక్కువ. పగటిపూట ఎండ వెలుగు దాన్ని ఇంకా కప్పేస్తుంది. కొంత హద్దు కంటే తక్కువ ధూళి ఉంటే యంత్రం దాన్ని ‘ఏమీ లేదు’ అనే లెక్కలో వేస్తుంది.

కిందినుంచి చూసే లైడార్‌ తక్కువదేమీ కాదు, దాని లోపం దానికుంది. లేజర్‌ గీతా, దూరదర్శిని చూపూ పూర్తిగా కలవటానికి కొంత ఎత్తు పడుతుంది. అందుకే నేలను ఆనుకున్న తొలి కొన్ని వందల మీటర్లు చాలా లైడార్లకు సరిగా కనపడవు. పైనుంచి వచ్చే లేజర్‌ కింది పొరలకు చేరేసరికి నీరసిస్తుంది. మధ్యలో దట్టమైన మబ్బు అడ్డొస్తే అసలు చేరదు. నేల నుంచి తిరిగొచ్చే బలమైన మెరుపులో అడుగున ఉన్న గాలి జాడ కలిసిపోతుంది. అంటే ఇద్దరికీ సరిగా ఆనని పొర ఒకటే. పిల్లాడు దగ్గుతున్న పొర అదే. నేల మీది పీఎం 2.5 యంత్రానికి వీటిలో ఏదీ సాటి రాదని నేను అనటానికి కారణం ఇదే.

తప్పు పట్టుకోవటమే పని

సరిచూడటం చెప్పినంత తేలిక కాదు. ఉపగ్రహం క్షణంలో దాటిపోతుంది. సరిగ్గా స్టేషన్‌ నెత్తి మీదుగా వెళ్లదు. ఐరోపా లైడార్ల కూటమి 2006 జూన్‌ నుంచే ఈ పని పెట్టుకుంది. కాలిప్సో వంద కిలోమీటర్ల దాపుకు వచ్చినప్పుడల్లా కింద లైడార్లు వేసి ఉంచేవారు. 2010లో వాళ్లు తేల్చిందేమిటంటే, ముడి సంకేతాల్లో ఒకవైపే ఒరిగే తప్పు కనిపించలేదు. సగటు తేడా 4.6 శాతం. కానీ విడివిడి కొలతలను చూస్తే చెదురు 50 శాతం. ఈ రెండు అంకెలనూ కలిపి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వీటితో పనుంది.

అమెరికావాళ్లు విమానంలో మరింత మెరుగైన లైడార్‌ పెట్టుకుని కాలిప్సో దారి కింద 86 సార్లు ఎగిరారు. అక్కడ సంకేతాల తేడా సగటున 3 శాతం లోపే. అంటే యంత్రం మంచిదే. మరి చిక్కెక్కడ వస్తుంది?

ఊహ దగ్గర. వెనక్కి వచ్చిన వెలుగు ఎంతో కాలిప్సో కొలవగలదు. ఆ కణాలు మొత్తం ఎంత వెలుగును అడ్డుకున్నాయో నేరుగా కొలవలేదు. ‘ఇది ఎడారి ధూళి’, ‘ఇది పొగ’, ‘ఇది సముద్రపు ఉప్పు’ అని ముందు ఊహించి, ఒక్కో రకానికి ఒక్కో గుణకం వేసి లెక్క కట్టాలి. నేల మీద ఏరోనెట్‌ కేంద్రాల్లో నేరుగా సూర్యుడి వైపు చూసే పరికరాలుంటాయి. సూర్యుడి వెలుగు ఎంత తగ్గి నేలకు చేరిందో చూస్తాయి కాబట్టి వాటికి ఈ ఊహ అక్కర్లేదు. కాలిప్సోను వాటితో పోల్చిన 2012 నాటి అధ్యయనంలో అది మసకను సగటున 13 శాతం తక్కువ చూపుతోందని తేలింది. ఎడారి ధూళి ఉన్న చోట ఏకంగా 29 శాతం తక్కువ. ధూళికి వాడుతున్న గుణకమే తక్కువగా ఉందని అర్థమైంది. 2016లో వచ్చిన నాలుగో కూర్పులో దాన్ని 40 నుంచి 44కు పెంచారు. పాత ఏళ్ల కొలతలన్నిటినీ మళ్లీ లెక్కగట్టారు.

రోగికి బీపీ చూసే యంత్రాన్ని పాదరసం పరికరంతో పోల్చి సరిచేసుకున్నట్టే ఇది. పోల్చకుండా ఇంట్లో ఏళ్ల తరబడి వాడే బీపీ యంత్రాలు ఎన్నో. డాక్టర్లు ‘ఈసారి వచ్చేటప్పుడు మీ యంత్రం తెచ్చుకోండి’ అనేది అందుకే.

వేళ సంగతి కూడా మరవొద్దు. 2024లో పంజాబ్, హరియాణాల్లో పంట వ్యర్థాలను తగలబెట్టే మంటల సంఖ్య ఉపగ్రహాల లెక్కలో బాగా తగ్గింది. కానీ గాలిలో పొగ ఆ మేరకు తగ్గలేదు. దక్షిణ కొరియా భూస్థిర ఉపగ్రహం రోజంతా తీసే చిత్రాలను చూసిన నాసా శాస్త్రవేత్త హిరేన్‌ జేత్వా, మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో ఉపగ్రహాలు వెళ్లిపోయాక మంటలు పెడుతున్నట్టుందని సందేహం వెలిబుచ్చారు. కాలిప్సో కూడా చాలా ఏళ్లు పగలు ఆ వేళకే వెళ్లేది. మధ్యాహ్నం ఒకటిన్నరకు గాలి బాగా కలిసిపోయి పల్చబడి ఉంటుంది. మీరు నడిచేది ఆరింటికి.

తెల్ల డ్రాగన్‌ వచ్చింది

కాలిప్సో మూతపడ్డ పది నెలలకు, 2024 మే 28న ఐరోపా, జపాన్‌ అంతరిక్ష సంస్థలు ఎర్త్‌కేర్‌ను పంపాయి. జపాన్‌వాళ్లు దాన్ని ముద్దుగా హకుర్యూ అంటారు, తెల్ల డ్రాగన్‌ అని అర్థం. దాదాపు 393 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతుంది. అందులోని లైడార్‌ గాలి అణువుల నుంచి వచ్చే వెలుగును, ధూళి కణాల నుంచి వచ్చే వెలుగును విడదీసి చూడగలదు. కాబట్టి ‘ఇది ఏ రకం ధూళి’ అని ముందే ఊహించి గుణకం వేయాల్సిన అవసరం చాలావరకు తప్పింది. దట్టమైన మబ్బులోకి చూసేందుకు పక్కనే ఓ రాడార్‌ కూడా ఉంది. 2025లో దాని కొలతలను అందరికీ అందుబాటులోకి తెచ్చారు.

అయితే మంచి యంత్రమని దాన్నీ గుడ్డిగా నమ్మలేదు. ఎగిరిన కొద్ది నెలలకే, 2024 ఆగస్టు, సెప్టెంబరుల్లో జర్మనీ పరిశోధన విమానం అట్లాంటిక్‌ మీద, కేప్‌ వెర్డె నుంచి బార్బడోస్‌ దాకా, దాని దారి కిందే ఎగిరి కొలతలు పోల్చింది. ఐరోపాలో నేల లైడార్లు ఆ పని చేస్తూనే ఉన్నాయి. మన దగ్గర గాదంకి ఉంది. హైదరాబాద్, అనంతపురం, విశాఖల్లో ఇస్రో ఏరోసాల్‌ పరిశీలన కేంద్రాలున్నాయి. ఐరోపా ధూళికి సరిపోయిన లెక్క రాయలసీమ ఎర్రమట్టి ధూళికీ, కట్టెల పొయ్యి పొగకూ, బంగాళాఖాతపు ఉప్పుగాలికీ సరిపోతుందని ఎవరూ ముందే చెప్పలేరు. అది ఇక్కడే, ఈ నేల మీదే పోల్చి చూడాలి.

మరి లక్షల మరణాల లెక్క?

ఇప్పుడు మొదటి వాదానికి వద్దాం. 2021లో భారత్‌లో 21 లక్షల మరణాలకు వాయు కాలుష్యంతో సంబంధం ఉందని ‘స్టేట్‌ ఆఫ్‌ గ్లోబల్‌ ఎయిర్‌’ 2024 నివేదిక అంచనా. ఇందులో బయటి గాలితో పాటు ఇంట్లో పొయ్యి పొగ కూడా కలిసి ఉంది. ఇది శవపరీక్షలు చేసి లెక్కించింది కాదు. ఎంత మంది ఎంత ధూళి పీలుస్తున్నారన్న అంచనాకు, ఆ ధూళితో గుండెపోటు, పక్షవాతం, సీవోపీడీ, ఊపిరితిత్తుల క్యాన్సర్‌ ముప్పు ఎంత పెరుగుతుందన్న వైద్య అధ్యయనాలను కలిపి గట్టినది. ధూళి అంచనాలో ఉపగ్రహాల వంతు పెద్దది.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న రెండు అంకెలు ఇక్కడ పనికొస్తాయి. సగటు తేడా 4.6, విడి కొలతల చెదురు 50. అవి పీఎం 2.5 అంకెలు కావు, లైడార్‌ సంకేతాలవి. కానీ తీరు అదే. ఒక పూట, ఒక ఊరు, ఒక అంకె తీసుకుంటే అది సగానికి సగం అటూ ఇటూ పోవచ్చు. వేల కొలతలను ఏళ్ల తరబడి కలిపితే అటు పోయినవీ ఇటు పోయినవీ చెల్లుకు చెల్లు అయిపోతాయి. మిగిలేది ఒకేవైపు ఒరిగే తప్పు. కాలిప్సో వరకు చూస్తే ఆ తప్పు మసకను తక్కువ చూపే వైపే ఉంది, ఎక్కువ వైపు కాదు.

కాబట్టి మీ ఫోన్‌లోని ఇవాళ్టి అంకెను ఎంత తేలిగ్గా పక్కన పెట్టొచ్చో, దేశం మొత్తం మీద ఏళ్ల సగటును అంత తేలిగ్గా పక్కన పెట్టకూడదు. మనం మాత్రం సరిగ్గా దీన్ని తిరగేసి చేస్తున్నాం. ఉదయం పచ్చరంగు చూసి నిశ్చింతగా బయటికి వెళ్తాం, ఏళ్ల సగటు నివేదిక వస్తే ‘ఏదో పైనుంచి చూసి వేసిన లెక్క’ అని కొట్టిపారేస్తాం. ఫలానా వ్యక్తి కాలుష్యంతోనే పోయాడని ఏ మరణ ధ్రువపత్రంలోనూ రాయరు, నిజమే. పొగాకుతో పోయాడని మాత్రం ఎందరికి రాస్తున్నారు? లెక్క మీద అనుమానం నిజంగా ఉంటే దానికి మందు పార్లమెంటు జవాబు కాదు. చిన్న పట్టణాల్లో నేల కేంద్రాలు పెట్టి, ఆసుపత్రుల్లో ఆయాసం కేసులను రోజువారీగా నమోదు చేసి, రెంటినీ పక్కన పెట్టి చూడటం. జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం 2019లో మొదలైంది. అందులో ఆంధ్రప్రదేశ్‌ నుంచి 13, తెలంగాణ నుంచి 4 పట్టణాలు, నగరాలున్నాయి. మిగతా ఊళ్ల సంగతి?

అంతదాకా మీరేం చెయ్యాలి?

ఇంట్లో ఆస్తమా, సీవోపీడీ, గుండెజబ్బు ఉన్నవాళ్లుంటే చలికాలంలో నడకను ఎండెక్కాక, ఎనిమిది తొమ్మిది తర్వాత పెట్టుకోండి. ఫోన్‌ ఏ రంగు చూపినా సరే. పొగ పైకి లేవకుండా నేలబారుగా సాగుతోందంటే ఆ రోజు మూత గట్టిగా ఉన్నట్టే. దూరంగా ఉన్న గుట్ట, నీళ్ల ట్యాంకు, గుడి గోపురం రోజూ కనిపించేవి మసకబారితే, మంచు లేకపోయినా, జాగ్రత్తపడండి. బయటికి వెళ్లక తప్పకపోతే ముఖానికి ఒత్తుగా అమరే ఎన్‌95 మాస్కు పనికొస్తుంది. చేతి రుమాలు, చీర కొంగు సూక్ష్మ ధూళిని ఆపలేవు.

ఇంట్లోని పొగ ఏ ఉపగ్రహానికీ, ఏ కేంద్రానికీ కనపడదు. తలుపులు బిగించిన గదిలో దోమల చుట్ట, అగరొత్తులు, పక్కనే కట్టెల పొయ్యి. చాలా ఇళ్లలో పిల్లల దగ్గుకు మొదట చూడాల్సింది వీటినే.

ఆస్తమా ఉన్నవాళ్ల ఇంట్లో ఉండాల్సిన అసలు యంత్రం పీక్‌ ఫ్లో మీటరు. చిన్న గొట్టం లాంటిది. గట్టిగా ఊదితే ఊపిరి ఎంత వేగంగా బయటికొస్తుందో చూపిస్తుంది. అయిదారేళ్లు దాటిన పిల్లలు నేర్పితే ఊదగలరు. బాగా ఉన్న రోజుల్లో వచ్చే అత్యధిక అంకె మీ పిల్లాడి సొంత ప్రమాణం. అందులో 80 శాతం కంటే తగ్గితే డాక్టరు ముందే రాసిచ్చిన ప్రకారం మందు పెంచుకోవాలి. 50 శాతం కంటే తగ్గితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రోజూ ఉదయం, సాయంత్రం ఊదించి ఓ నోటుపుస్తకంలో రాయండి. పక్కనే ఇంకో గడి గీసి ఆ పూట పొగ ఎలా ఉంది, దగ్గర్లో ఏం తగలబెట్టారు, ఫోన్‌ ఏ అంకె చూపింది అన్నవి కూడా రాసిపెట్టండి. రెండు నెలలయ్యాక ఆ పుస్తకాన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మీ ఊళ్లో కేంద్రం కావాలని మున్సిపాలిటీకి అర్జీ పెట్టేటప్పుడు దాని నకలు జత చేయండి.